గోడ మీదుగా ఇచ్చిన కట్ట

"పీకొద్దండీ, మీకు దణ్ణం పెడతాను," అంది టైలరమ్మ.

అప్పటికే మూడు మొక్కలు ఆమె భర్త చేతిలో ఉన్నాయి. నాలుగోదాని మొదలు పట్టుకుని ఆయన ఒక్క గుంజు గుంజాడు. వానకి నానిన మట్టి వేళ్లతో సహా వదిలేసింది.

"మెల్లగా మాట్లాడు. గోడకి అవతల లేచి తిరుగుతున్నారు."

"అసలవి అవునో కాదో నన్ను చూడనివ్వండి."

"ఏం చూస్తావు?"

అనేశాక ఆయనే నాలుక కరుచుకున్నాడు. టైలరమ్మ తోటకూర మడి పక్కన గొంతుక్కూర్చుంది.

ఏదైనా చూడాలంటే ఇప్పుడామె ముఖం కాస్త పక్కకి తిప్పుకోవాలి. సూటిగా చూస్తే చూపు నడుమ ఓ మసక మచ్చ అడ్డం పడుతుంది. దాని చుట్టూ మాత్రమే లోకం ఉంటుంది. ఎనిమిది నెలలుగా ఇదే వరస. ఇక బాగుపడేది కాదు, ఉన్నది కాపాడుకోండి అని కంటి డాక్టరు చెప్పేశాడు. ఆ సంగతి ఈ ఇంట్లో ఉన్న ఇద్దరికే తెలుసు. వాచీలు బాగుచేసే మేస్త్రి అయిన ఆమె భర్త రోజూ పొద్దున్నే పది సూదులకి దారం ఎక్కించి, గుడ్డకి గుచ్చి, కుట్టుమిషను పక్కన పెట్టి మరీ కొట్టుకి వెళతాడు. ఆ పది సూదులు అయిపోతే ఆ రోజుకి ఆమె పని అయిపోయినట్టే. వీధిలో వాళ్లు అడిగితే నడుం నొప్పి అని చెబుతోంది.

వేళ్లతో తడిమింది. మెత్తటి తోటకూర కాడల మధ్య బొటనవేలికి ఓ తెగిన మొదలు తగిలింది. ఏటవాలు కోత. కత్తిని అలా వాలుగా పట్టేది తనే. పక్కనే ఇంకొకటి. దాని పక్కన ఇంకొకటి. ఒక మొదలుని గోరుతో గిల్లి ముక్కు దగ్గర పెట్టుకుంది. వెగటు వాసన కొట్టింది.

"ఉమ్మెత్తే," అన్నాడు మేస్త్రి. "ఇంకా పూత రాలేదు. లేత మొక్కలు. గోడ వారగా ఏడు మొలిచాయి. మూడింటిని కోసి ఉన్నావు, మళ్లీ చిగురేస్తున్నాయి."

టైలరమ్మ తడి నేల మీద అలాగే చతికిలపడింది.

మొన్న మధ్యాహ్నం భోజనం చేసిన గంటకి, పక్కింటి పోస్టుమాన్ నోరెండిపోతోందని మంచినీళ్లు అడిగాడు. చెంబెడు తాగి ఇంకో చెంబు అడిగాడు. సాయంత్రానికి గోడతో మాట్లాడటం మొదలుపెట్టాడు. కట్టుకున్న భార్యని ఎవరు నువ్వని అడిగాడు. ఆస్పత్రిలో చేతులు మంచానికి కట్టేయాల్సి వచ్చింది. కూరలో ఏదో విషపు ఆకు కలిసింది, ఏ ఆకో తెలిస్తే మందు సరిగ్గా వేస్తాం, ఎవరైనా చూపించండి అన్నాడు డాక్టరు. చూపించడానికి ఏమీ మిగల్లేదు. గిన్నె కడిగేశారు.

ఆ రోజు కూరలో రెండు కట్టలు పడ్డాయి. ఒకటి ఆ ఇంటి కోడలు బజారులో కొన్నది. రెండోది టైలరమ్మ గోడ మీదుగా అందించింది. ఇరవై రెండేళ్లుగా ఈ మడిలో ఆకు తిన్న ఇల్లది. ఈ కట్టని అనుమానించాలన్న ఊహే ఎవరికీ రాలేదు. నింద మొత్తం బజారు కట్ట మీదికీ, దాన్ని తెచ్చిన కోడలి మీదికీ పోయింది. రెండు రోజులు టైలరమ్మ కూడా అలాగే నమ్మింది. మనసు గట్టిగా పట్టుకుని మరీ నమ్మింది.

"చెప్పాలి," అంది.

"ఎవరికి?"

"పక్కింటి చెల్లికి. వాళ్లబ్బాయికి. డాక్టరుకి."

"ఏమని? నాకు కళ్లు కనబడవు, కనబడక విషం కోసిచ్చాను అనా? ఆయనకి జరగరానిది జరిగితే పోలీసులు వచ్చేది మన గుమ్మంలోకే. ఈ వీధిలో సగం ఇళ్లు నీ ఆకు తిన్నాయి. రేపు ఎవరికి తల తిరిగినా నీ వల్లే అంటారు. ఆ తర్వాత నిన్ను నమ్మి గుడ్డ ఎవరిస్తారే కుట్టమని?"

"మరి ఆ పిల్లో?"

"నాలుగు రోజులు పుట్టింటికి వెళ్లొస్తే కొంపలేం మునగవు. ఆయన లేచి కూర్చున్నాక అందరూ మర్చిపోతారు."

"లేవకపోతే?"

మేస్త్రి అయిదో మొక్క పీకాడు.

"డాక్టరు ఆకు చూపించమన్నాడండీ. మీరు పీకి పారేస్తున్నది చెత్త కాదు. ఆయన మందు."

ఆయన చెయ్యి ఒక్క క్షణం ఆగింది. తర్వాత ఆరోది, ఏడోది. అన్నీ కలిపి ఎరువు గుంటలో వేసి పారతో మట్టి కప్పాడు. కప్పి, ఆమె వైపు చూడకుండా కుళాయి దగ్గరికి నడిచాడు.

ఆయన పీకుతున్నప్పుడు తెగిపడిన ఆకు ఒకటి టైలరమ్మ అరిచేతి కింద ఉంది. దాన్ని మడిచి, కొలతల టేపు పెట్టుకునే జేబులో దోపుకుంది.

* * *

గోడకి అవతల గిన్నె తోముతున్న చప్పుడు. నిన్నా అదే చప్పుడు, మొన్నా అదే.

"ఎంత తోముతావే, చిల్లు పడుతుంది," అంది టైలరమ్మ, మోచేతులు గోడ మీద ఆనించి.

కోడలు తలెత్తింది. ఆ ఇంటికి వచ్చి ఆరు నెలలైంది. మాటకి ముందు చిన్న దగ్గు దగ్గే అలవాటు ఆ పిల్లకి. దగ్గితే తప్ప ఎవరూ తన వైపు చూడరన్నట్టు.

"అత్తయ్య ఇంకా వాసన వస్తోందన్నారు పెద్దత్తయ్యా."

"వస్తోందా?"

"నాకు రావడంలేదు."

మళ్లీ తోమింది. టైలరమ్మకి ఆ పిల్ల ముఖం కనిపించడంలేదు. పీచు పట్టుకున్న చేతి కదలిక మాత్రం తెలుస్తోంది.

"ఆయన నన్ను ఇవాళ మా అన్నయ్య ఇంట్లో దింపేస్తారట," అంది కోడలు. "మామయ్య ఇంటికి వచ్చేదాకా అన్నారు. వచ్చాక ఏమిటో చెప్పలేదు."

"నువ్వేమన్నావు?"

"సరే అన్నాను. ఏమంటాను? నేను ఆ కూర ముట్టలేదని నా మీద అందరికీ అనుమానం. తెలిసే ముట్టలేదంటోంది ఎదురింటావిడ. మామయ్య రెండోసారి వేయించుకున్నారు పెద్దత్తయ్యా. అత్తయ్యకి ఆ రోజు పన్ను నొప్పి, మజ్జిగతో సరిపెట్టుకున్నారు. ఈయన డ్యూటీలో ఉన్నారు. నేను కూర్చునేసరికి గిన్నెలో ఏమీ లేదు. అంతే." పీచు పిండింది. "కొంచెం మిగిలినా బాగుండేది. నేనూ మంచాన పడి ఉండేదాన్ని. ఈ మాటలు తప్పేవి."

"ఛ, నోరు ముయ్యి. అవేం మాటలు!"

కోడలు గిన్నె బోర్లించి లోపలికి వెళ్లిపోయింది. టైలరమ్మ గోడని పట్టుకుని అలాగే నిలబడింది. తర్వాత చుట్టూ తిరిగి, పక్కింటి గేటు తీసింది.

* * *

వంటింట్లో క్యాంటీనమ్మ ఆస్పత్రికి జావ కాస్తోంది. మిల్లు క్యాంటీనులో ముప్పై ఏళ్లు గరిటె తిప్పిన మనిషి. ఇంట్లో నలుగురికి వండినా మూడొందలమందికి వండుతున్నట్టే నిలబడుతుంది. కాళ్లు ఎడంగా పెట్టి, భుజం పొయ్యి మీదికి వంచి.

"రా అక్కా. జావ అడుగంటుతుంది, నేను తిరగను. మాట్లాడుతూ ఉండు."

"మరిదిగారికి ఎలా ఉంది?"

"అబ్బాయి ఇప్పుడే వచ్చాడు. రాత్రంతా గాల్లోంచి ఉత్తరాలు ఏరుతూనే ఉన్నారట. ఒక్కోదాన్నీ చూసి, ఈ ఇల్లు కాదు, ఈ ఇల్లు కాదు అంటున్నారట." గరిటె గిన్నె అంచుకి తట్టింది. "గుండె తడబడుతోందన్నారు. రెండు కొట్టుకుని ఒకటి ఆగుతోందట. అసలే పాత గుండె."

టైలరమ్మ జేబులోంచి ఆకు తీసి పొయ్యిగట్టు మీద పెట్టింది.

"ఇది చూడు చెల్లీ."

"ఏమిటది?"

"ఉమ్మెత్త. నా మడిలోది. గోడ వారగా మొలిచాయి. మూడింటికి కోసిన మొదళ్లున్నాయి." ఆకుని ముందుకి తోసింది. "నేనే కోశాను. కోసి కట్టలో కట్టి నీ చేతికిచ్చాను. బజారు కట్టలో ఏమీ లేదు. నాకు కళ్లు..."

"తెలుసు," అంది క్యాంటీనమ్మ.

"ఏం తెలుసు?"

"నీ కళ్ల సంగతి. చలికాలంలో నా కోటుకి బొత్తాలు కుట్టావు చూడు, కింది బొత్తం పై కాజాకి వచ్చింది. ఇంటికొచ్చి అన్నీ విప్పి నేనే కుట్టుకున్నాను."

జావ పొంగింది. ఆమె మంట తగ్గించింది.

"నన్ను అడగలేదేం?"

"నువ్వు చెప్పలేదేం?"

"తెలిసీ నా చేతి ఆకు తీసుకున్నావా?"

"వద్దంటే నువ్వు ఏమైపోతావోనని తీసుకున్నాను. తీసుకుని ప్రతి కట్టా విప్పి ఆకు ఆకూ చూసేదాన్ని. అప్పట్నుంచీ ఒక్క కట్ట వదల్లేదు. గడ్డి పరకలు వచ్చేవి, పిచ్చి మొక్కలు వచ్చేవి. తీసి పారేసేదాన్ని. నీకు తెలియనివ్వలేదు." క్యాంటీనమ్మ గొంతు మెల్లగా సన్నబడింది. "మొన్నొక్కటే చూడలేదు."

మొన్న ఉదయం గోడకి అటు ఒకరూ ఇటు ఒకరూ పీటలు వేసుకుని కూర్చున్నారు. క్యాంటీనమ్మ ఒళ్లో పళ్లెం పెట్టుకుని ఆకు బాగుచేస్తోంది. టైలరమ్మ మందుల కొట్టాయన ప్యాంటు కొలత గురించి చెప్పింది. టేపు చుట్టగానే ఆయన ఊపిరి బిగబట్టేశాడట. బాబూ, ప్యాంటు వేసుకున్నాక ఊపిరి తీసుకుంటారా లేదా, దాన్ని బట్టి కుడతాను అని తను అడిగిందట. క్యాంటీనమ్మ పన్ను నొప్పి మర్చిపోయి పడీ పడీ నవ్వింది. నవ్వుతూనే కట్ట మొత్తం గుప్పెట పట్టి తరిగేసింది. ఆ కత్తి చప్పుడు టైలరమ్మ చెవుల్లో ఇప్పటికీ ఉంది.

"తరిగింది నువ్వు," అంది టైలరమ్మ, అప్పుడే తెలిసినట్టు.

"నేనే. బాగుచేసింది నేను, తరిగింది నేను. తరిగి పిల్ల చేతికిచ్చి పొయ్యి మీద పెట్టమన్నాను. అది ఉప్పేసి మూత పెట్టింది. అంతే అది చేసింది."

"మరి అబ్బాయితో ఆ పిల్లే చేసిందని ఎందుకు చెప్పావు?"

"నేను చెప్పలేదు. వాడే అన్నాడు. నేను కాదనలేదు."

"ఇప్పుడు కాదను చెల్లీ."

క్యాంటీనమ్మ గరిటె పక్కన పెట్టింది. చేతులు తుడుచుకోవడానికి గుడ్డ వెతికింది. గుడ్డ భుజం మీదే ఉంది.

"ముప్పై ఏళ్లక్కా. రోజుకి మూడొందలమంది. ఒక్కరికి, ఒక్క పూట కడుపులో నొప్పి రాలేదు. అలాంటిదాన్ని నా మనిషికి పళ్లెంలో వడ్డించి, ఇంకొంచెం వేసుకోండి అని బతిమాలి మరీ వేశాను. ఆయన లేచి కూర్చుని, ఏమైందే నాకు అని అడుగుతారు. ఏం చెప్పను? పెళ్లయిన నాటి నుంచి నా చేతి వంట తప్ప ఎరగని మనిషి. ఇక నేను పెట్టింది నోట్లో పెట్టుకునే ముందు ఒక్కసారి ఆగితే చాలు. ఒక్క క్షణం ఆగితే చాలు, నేను చచ్చినట్టే."

"ఆ పిల్ల బతుకు ఏం కావాలి?"

"అది చిన్నది. మర్చిపోతుంది. మర్చిపోవడానికి దానికి బోలెడు కాలం ఉంది. నాకు లేదు."

"చెల్లీ!"

"నీ కళ్ల గురించి నేను ఎవరికీ చెప్పను. నా చేతి గురించి నువ్వు చెప్పకు. ఇన్నేళ్లలో నిన్ను ఒక్కటి అడిగానా? ఇదొక్కటి అడుగుతున్నాను."

"డాక్టరుకి ఆకు చూపిస్తే..."

"ఎవరు కోశారంటారు. ఎవరు తరిగారంటారు. అక్కడితో ఆగుతుందా?"

ఆమె ఆకు తీసుకుంది. ఓసారి వెలుతురులో పెట్టి చూసింది. ఎన్ని లక్షల ఆకులు చూసిన కళ్లో అవి. వేళ్ల మధ్య పొడిపొడిగా నలిపి, కుళాయి తిప్పి తొట్టిలో వదిలేసింది. తర్వాత సబ్బు పెట్టి చేతులు కడుక్కుంది. రెండోసారి కూడా కడుక్కుంది.

"ఆయన్ని చేతులారా పోగొట్టుకుంటున్నావు," అంది టైలరమ్మ.

"అరవకు. అబ్బాయి ఉన్నాడు."

బయట ఆటో వచ్చి ఆగిన చప్పుడైంది.

* * *

కోడలి సంచి ఒక్కటే. దాన్ని భర్త ఆటోలో పెట్టాడు. లిఫ్టులు బాగుచేసే పని అతనిది. రెండు రాత్రులు నిద్ర లేక కళ్లు ఎర్రబడి ఉన్నాయి. ముందు భార్యని దింపి, అటునుంచి అటే ఆస్పత్రికి వెళ్లాలని అనుకున్నాడు. ఎదురింటావిడ తలుపు సగం తెరిచి, ఏదో దులుపుతున్నట్టు నిలబడింది.

"అత్తయ్యా, వెళ్లొస్తాను," అంది కోడలు.

గుమ్మంలో జావ గిన్నె పట్టుకుని నిలబడ్డ క్యాంటీనమ్మ తలూపింది.

"బాబూ, ఆగు," అంది టైలరమ్మ. మెట్టు కోసం కాలితో వెతుక్కుంటూ దిగింది. "ఆ ఆకు నా మడిలోది. ఉమ్మెత్త. నేనే కోసిచ్చాను. బజారు కట్టలో దోషం లేదు. ముందు ఆస్పత్రికి పద, డాక్టరుకి ఆ పేరు చెప్పాలి."

అతను నవ్వబోయి ఆగిపోయాడు. "పెద్దమ్మా, నీకేమైనా పిచ్చా? ఇన్నేళ్లుగా ఆకు కోస్తున్నదానివి నీకు ఉమ్మెత్త తెలీదా?"

"తెలుసు. కనబడలేదు. ఎనిమిది నెలలుగా నాకు సరిగ్గా కనబడటంలేదు. నువ్వు ఎదురుగా నిలబడితే నీ ముఖం కనబడటంలేదు. గొంతుని బట్టి మాట్లాడుతున్నాను."

ఎదురింటావిడ దులపడం ఆపేసింది.

"ఏదో మనసు పాడై అలా అంటోంది నాయనా," అంది క్యాంటీనమ్మ గుమ్మంలోంచి. "కోడలంటే ముద్దు కదా, నెత్తిన వేసుకుంటోంది. వెళ్లమ్మా టైలరమ్మా, ఇంటికెళ్లి పడుకో."

టైలరమ్మ అటు తిరిగింది. ఇరవై రెండేళ్లలో ఆ నోటి వెంట అక్కా అన్న మాట తప్ప ఇంకో పిలుపు రాలేదు. వీధిలో అందరూ పిలిచే పేరే అది. అయినా ఎవరో పరాయి మనిషిని కేకేసినట్టు వినబడింది.

కొడుకు తల్లినీ, ఆమెనీ మార్చి మార్చి చూశాడు. అప్పుడే పక్క గేటు దగ్గర వాచీల మేస్త్రి కనిపించాడు. కొట్టుకి బయల్దేరి, మాటలు విని ఆగిపోయినట్టున్నాడు. సైకిలు హ్యాండిలు రెండు చేతులా పట్టుకుని ఉన్నాడు.

"పెదనాన్నా, మీరు చెప్పండి. మీ మడిలో ఉమ్మెత్త ఉందా?"

మేస్త్రి భార్య వైపు చూడలేదు. కింద సైకిలు చక్రం వైపు చూశాడు. చాలాసేపు చూశాడు.

"లేదు," అన్నాడు.

టైలరమ్మ కళ్లు మూసుకుంది.

"ఇప్పుడు లేదు," అన్నాడు మేస్త్రి మళ్లీ. ఒక్కో మాటా గొంతులో ఇరుక్కుని వస్తోంది. "పొద్దున్న ఉంది. నేనే పీకి గుంటలో కప్పెట్టాను. ఏడు మొక్కలు. మూడు కోసి ఉన్నాయి. నువ్వు ఆటో తియ్యి బాబూ. నేను తవ్వి ఒకటి పట్టుకుని సైకిలు మీద వెనకే వస్తాను."

సైకిలు అక్కడే గోడ పక్కన పడేసి ఆయన లోపలికి పరిగెత్తాడు. ఆ వయసులో ఆయన పరిగెత్తడం ఎవరూ చూడలేదు.

"పదమ్మా, ఎక్కు," అంది టైలరమ్మ కోడలితో. "ముగ్గురం ఆస్పత్రికే. డాక్టరు ముందర నేను చెబుతాను."

కోడలు ఎక్కింది. ఆమె పక్కన టైలరమ్మ. కొడుకు డ్రైవరు పక్కన ఇరుకున కూర్చున్నాడు. జావ గిన్నె ఎవరూ అడగలేదు. ఎవరూ ఇవ్వలేదు. గుమ్మంలో క్యాంటీనమ్మ దాన్ని అలాగే పట్టుకుని ఉంది. ఆటో కదిలాక తలుపు వేసిన చప్పుడు వినబడింది.

* * *

వాన మళ్లీ సన్నగా మొదలైంది.

"మీకు కనబడటంలేదని నాకు తెలీదు పెద్దత్తయ్యా," అంది కోడలు. "మీరు నన్నెప్పుడూ పక్కకి తిరిగి చూస్తారు. నా మీద కోపమేమో అనుకునేదాన్ని."

టైలరమ్మ ఆ పిల్ల చెయ్యి వెతికి పట్టుకుంది. గిన్నె తోమి తోమి వేళ్లు గరుకెక్కి ఉన్నాయి.

"క్షమించవే. రెండు రోజులు నువ్వే అనుకున్నాను."

"అందరూ అనుకున్నారు." చిన్నగా దగ్గింది. దగ్గి గొంతు పెంచింది, ముందు సీటుకి వినబడేలా. "డాక్టరుగారు మిమ్మల్ని అడుగుతారు కదా. కోసింది మీరని చెబుతారు. మరి చూడకుండా తరిగింది ఎవరని అడిగితే?"

టైలరమ్మ చెయ్యి బిగుసుకుంది. ఆ రెండు ఇళ్ల మధ్య గోడ దగ్గర కూర్చుని విన్న మనిషి తను ఒక్కతే. నవ్వు విన్నది. కత్తి చప్పుడు విన్నది. సబ్బు పెట్టి రెండోసారి చేతులు కడుక్కోవడం కూడా విన్నది. ఇదొక్కటి అడుగుతున్నాను అన్న గొంతు ఇంకా చెవిలోనే ఉంది.

"నువ్వెందుకు చెప్పలేదే ఈ రెండు రోజులూ?" అని మాత్రం అనగలిగింది.

"చెప్పాను. మొదటి రోజే ఈయనకి చెప్పాను. మా అమ్మకి ఆకు తెలియకపోవడమా అన్నారు. మళ్లీ ఆ మాటెత్తితే మర్యాదగా ఉండదన్నారు. ఇంక చెప్పలేదు."

ముందు సీట్లో అతని వీపు కదిలింది. వెనక్కి తిరిగాడు. చినుకులు ముఖం మీద పడుతున్నా తుడుచుకోలేదు.

"పెద్దమ్మా," అన్నాడు. గొంతు చిన్నపిల్లాడి గొంతులా అయిపోయింది. "నువ్వు అక్కడే ఉన్నావు కదా. నీకు తెలిసే ఉంటుంది." ఆగాడు. "ఒకవేళ మా అమ్మే అయితే నాకు చెప్పొద్దు. నాన్న అలా ఉన్నారు. అమ్మ కూడా అంటే నేను తట్టుకోలేను. డాక్టరుకి ఆకు పేరు చెబుదాం, చాలు. మిగతాది ఎవరిదని ఎవరికీ అక్కర్లేదు. ఉన్నది ఉన్నట్టు పోనిద్దాం."

టైలరమ్మ నోరు తెరిచింది. ఆ పిల్ల చెయ్యి తన చేతిలోంచి నెమ్మదిగా జారిపోవడం తెలిసింది.

"ఆటో ఆపండి," అంది కోడలు.

డ్రైవరు బజారు మలుపులో పక్కకి తీశాడు.

"ఏమిటి? ఎందుకు?" అన్నాడు భర్త.

"ఉన్నది ఉన్నట్టు అన్నారు కదా. ఉన్నది ఉన్నట్టు వదిలేస్తే మామయ్యకి విషం పెట్టింది ఎవరని రేపు ఎవరైనా అడుగుతారు. అందరూ వేలు చూపించేది నన్నే." సంచి తీసుకుంది. గొంతులో ఏడుపు లేదు. అది ఉన్నా బాగుండేదనిపించింది టైలరమ్మకి. "మా అన్నయ్య ఇంటికి దారి నాకు తెలుసు. మామయ్యకి బాగయ్యాక, నేను అడిగానని చెప్పండి."

దిగి నడవడం మొదలుపెట్టింది. గొడుగుల మధ్య, బండ్ల మధ్య అడుగుల చప్పుడు రెండు క్షణాలు వినబడి కలిసిపోయింది.

"దిగు బాబూ," అంది టైలరమ్మ. "డాక్టరుతో నేను చెబుతాను. ఆకు పట్టుకుని మీ పెదనాన్న వస్తారు. అక్కడ నీ పని ఏమీ లేదు. నువ్వు దిగి ఆ పిల్ల వెంట వెళ్లు."

అతను ఆటో కడ్డీ పట్టుకున్నాడు. ఒక కాలు బయట తడి రోడ్డు మీద పెట్టాడు. అటు చూశాడు.

"పోనివ్వాలా, ఆగాలా?" అని డ్రైవరు విసుక్కున్నాడు. వెనక బండ్లు హారను కొడుతున్నాయి.

"దిగు నాయనా!"

అతను కాలు లోపలికి తీసుకున్నాడు. తల వంచుకున్నాడు. ఆటో కదిలింది.